రెండో శనివారం

14 జూన్ 2003, శనివారం

తేజస్ తల శుభ్రంగా ఉందట.

డాక్టర్ వరూధిని ఆ మాట అనగానే వాడి తల్లి, మా చెల్లెలు పల్లవి, ఆస్పత్రి వరండాలోనే గోడకు ఆనుకుని ఏడ్చేసింది. నేను దాని వీపు నిమిరాను. నిమరక ఏం చేస్తాను, అక్కను కదా. పైగా తోడికోడలిని. మేనత్త కొడుకులిద్దరికీ ఒకే పందిట్లో మమ్మల్నిద్దరినీ కట్టబెట్టి, పిల్లలు పరాయిళ్ళకు పోలేదని మా నాయన ఎంత మురిసిపోయాడో. మా అమ్మ రక్తంలో ఉన్నదేదో మాతోపాటు వచ్చి ఆ పీటల మీద కూర్చుందని ఎవరికి తెలుసు. ఆడవాళ్ళలో దాక్కుని ఉంటుందట, మగపిల్లల్ని పట్టుకుంటుందట.

డాక్టరమ్మ లోపలికి పిలిచి, ఫిల్మ్‌ను లైటు పెట్టెకు తగిలించి మళ్ళీ మొదటినుంచి చెప్పింది. ఒంట్లో ఒక రకం కొవ్వు అరగక పేరుకుంటుంది. దానివల్ల మెదడు లోపలి నరాల పైపూత కరగడం మొదలవుతుంది. కరిగేచోట వాపు వస్తుంది. చేతికి మందు ఎక్కించి స్కానింగ్ తీస్తే ఆ వాపు అంచు తెల్లగా వెలుగుతుంది. ఇదంతా నాకు చెప్పాలా. ఏడాదిగా ఆ తెల్ల అంచు నా కళ్ళముందు నుంచి పోలేదు.

"తేజస్‌కి ఎక్కడా వెలగలేదు. చాలా అందమైన ఫిల్మ్ ఇది," అంది.

అందమైన ఫిల్మ్. నా కొడుకు అభికి నాలుగుసార్లు తీశారు, ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు.

తర్వాత నా వైపు తిరిగి గొంతు తగ్గించింది. "అభిషేక్‌కి ఇంక తీయొద్దు మునిలక్ష్మిగారూ. వాడికి మత్తు మంచిది కాదు. తీసినా మనకి కొత్తగా తెలిసేది ఏమీ లేదు."

ఆమె పరిశోధనకు ప్రతి నెలా రెండో శనివారం స్కానింగ్ మిషన్ ఇస్తారు. ఆ పూట మత్తు డాక్టరు వస్తాడు. ఈ జబ్బు రక్తంలో ఉన్న పిల్లలు పదకొండు మంది ఆ జాబితాలో ఉన్నారు. ఇవాళ్టి నుంచి పదిమంది.

మా అభి తలలో వాళ్ళు చూడాల్సింది అయిపోయింది.

15 జూన్

పల్లవి ఇల్లంతా మైసూర్‌పాక్ పంచింది. నా కూతురు రమ్య మూడు తిని, చిన్నాయన దగ్గర ఇంకొకటి అడిగి తెచ్చుకుంది. ఐదేళ్ళ పిల్లకు ఏం తెలుసు.

నేను తినలేదు. పంటి నొప్పి అన్నాను.

18 జూన్

నా కోపం దేనికో రాసుకుంటాను. ఎవరూ చూడరు కదా, ఈ ఇంట్లో అందరూ కన్నడం చదివినవాళ్ళు, తెలుగు చదవడం వచ్చింది నాకూ పల్లవికే. పల్లవికి హిందూపురంలో చదివినప్పుడే పుస్తకమంటే పడదు.

నిరుడు బడిలో టీచరు పిలిస్తే అభి పలకడం మానేశాడు. వాడి రాత గీత దాటి కిందికి జారేది. చెవి డాక్టరుకు చూపించాం, కళ్ళ డాక్టరుకు చూపించాం. పలకకుండా కూర్చున్నాడని నేనే ఒకరోజు రెండు దెబ్బలు వేశాను. జబ్బు పేరు తెలిసేటప్పటికి మెదడు వెనకవైపంతా తెల్లగా వెలుగుతోంది, ఇంక ఎముకల్లోని మూలుగ మార్చినా లాభం లేదన్నారు. అప్పుడు కదా డాక్టరమ్మ అడిగింది, "మీ చెల్లెలికి కొడుకున్నాడా" అని. అప్పుడు కదా తేజస్ రక్తం చూసింది.

మావాడు ముందు నడిచి గుంతలో పడ్డాడు. వెనక వచ్చేవాడికి గుంత ఎక్కడుందో తెలిసింది. దానికి మైసూర్‌పాక్.

2 జూలై

బడి వదలగానే తేజస్ పైనున్న వాళ్ళింటికి పోడు, సంచీ మెట్లమీద పారేసి తిన్నగా అభి మంచం దగ్గరికి వస్తాడు. ఎక్కాలు అప్పజెబుతాడు, కన్నడంలో. అభికి చూపు పోయి ఆరు నెలలు. ముక్కు గొట్టంలోనుంచే తిండి. కానీ ఆ గొంతు వినబడితే వాడి తల మెల్లగా అటు తిరుగుతుంది. మూలుగు ఆగుతుంది.

నేను గంటసేపు పాడినా తిరగని తల అది.

పల్లవి మెట్లమీద నిలబడి చూసి, "చూడక్కా, తేజా అంటే ఎంత ఆశ అభికి," అంది. మంచి మాటే అంది. నేను మాత్రం వంటింట్లోకి వెళ్ళిపోయాను.

20 జూలై

అత్త ఇవాళ పక్కింటామెతో అంటోంది, నాకు వినబడాలనే. "మా పక్క ఇట్లాంటి ఖాయిలా లేదమ్మా. మా తమ్ముని పెండ్లాం పక్కనుంచి వచ్చింది."

తమ్ముడి పెళ్ళాం అంటే మా అమ్మ. మేనత్త అని నమ్మి వచ్చినందుకు నాగమ్మత్త నోట ఇది వినాలి. పల్లవి కూడా విన్నది. దానికేం, దాని కొడుకు పరుగెత్తుతున్నాడు. చెవిలో పడినా ఒంటికి అంటదు.

8 ఆగస్టు

రేపు తేజస్‌కి స్కానింగ్. రెండు నెలలకొకసారి చూస్తున్నారు, వాపు మొదలయ్యే రోజునే పట్టుకోవాలని. రాత్రి ఎనిమిది తర్వాత ఏమీ పెట్టకూడదు, పొద్దున మంచినీళ్ళు కూడా వద్దని డాక్టరమ్మ మనిషి ఫోన్ చేసి చెప్పాడు. నాకు చేసేవాళ్ళు ఒకప్పుడు.

తేజస్ వెళ్తే ఆ స్కానింగ్ గదిలో పండగట. కాంపౌండర్ స్టిక్కర్లు ఇస్తాడు, డాక్టరమ్మ చాక్లెట్ దాచిపెడుతుంది.

9 ఆగస్టు, శ్రావణ శనివారం

తేజస్‌కి స్కానింగ్ కాలేదు.

అత్త పొద్దున్నే పూజ చేసి మనవళ్ళకు నామాలు పెట్టింది. అభికి కూడా పెట్టింది. దేవుడి ముందు చక్కెర పొంగలి పెట్టి, హారతి ఇచ్చి, వాకిట్లోకి గోవిందలు వచ్చారని బియ్యం వేయడానికి వెళ్ళింది. పల్లవి స్నానానికి పోయింది. తేజస్ వంటింటి గడపలో నిలబడి, "పెద్దమ్మా, ఆకలి అయితా ఉండాది," అన్నాడు.

ప్రసాదం ఒక చెంచా పెట్టాను.

పిల్లాడు ఆకలి అంటే, దేవుడి ముందరిది చేతిలో ఉంటే, లేదనే ఆడది ఎవరు. ప్రసాదం తిండి కాదు. ఒక్క పొద్దులు ఉండేవాళ్ళు కూడా కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుంటారు.

పదకొండుకు వాళ్ళు తిరిగొచ్చారు. నర్సు కన్నడంలో ముద్దుగా "ఏమన్నా తిన్నావా పుట్టా" అని అడిగితే వాడే చెప్పాడట, ప్రసాదం తిన్నానని. మత్తులో వాంతి అయితే ఊపిరి గొట్టంలోకి పోతుందని మత్తు డాక్టరు ఒప్పుకోలేదు. ఆయన పన్నెండుకు వెళ్ళిపోవాలి. పల్లవి ఆయన కాళ్ళావేళ్ళా పడిందట, "అది తిండి కాదు సార్, దేవుడి ప్రసాదం," అని.

దానికీ అదే మాట తోచింది చూడు. నేనొక్కదాన్నే అనుకున్నానా.

మా మరిది సొన్నప్ప గడపలోనే అత్తమీద లేచాడు. "నీకు ఎన్ని సార్లు చెప్పినా అమ్మా, ఏమీ పెట్టొద్దని."

అత్త బిత్తరపోయింది. ప్రసాదం అంటే ఈ ఇంట్లో ఆమె చెయ్యే. "ఇచ్చింటా నాయనా. అందరికీ పెడతా పోయినా, వానికి పెట్టిందీ లేందీ జ్ఞాపకం లేదు," అంది.

నేను అప్పుడు పొంగలి గిన్నె కడుగుతున్నాను.

10 ఆగస్టు

నెల రోజుల్లో ఏమైపోతుంది. వచ్చే రెండో శనివారం తీస్తారు.

అత్త అన్నం సగం తిని లేచింది. మా అమ్మను అన్నప్పుడు ఆమెకు ఆకలి బాగానే ఉండేది.

14 ఆగస్టు

చెంచా కాదు. చిన్న కప్పు. పెద్ద తేడా ఏముంది.

6 సెప్టెంబరు

వచ్చే శనివారం పదమూడు. పితృపక్షం. అత్త ఒద్దంది. "పెద్దోళ్ళు గడపలోకి వచ్చే దినాల్లో పిల్లోన్ని మత్తులో పండబెట్టేది యాడన్నా ఉండాదా," అని. మామూలుగా అయితే సొన్నప్ప వినడు, ఆరోజు తల్లిమీద అందరిముందూ అరిచినందుకు మనసులో ఉన్నట్టుంది, ఊరుకున్నాడు. పల్లవి నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, నీకు తెలుసు గదా ఇవన్నీ. ఒగ నెల నిలబెడితే ఏమన్నా అయితాదా?"

ఈ ఇంట్లో ఆ జబ్బు గురించి నా మాట వేదం. పోయి రా, పక్షం గిక్షం చూడొద్దు అని నేనొక్క మాట అంటే పల్లవి ఎగురుకుంటూ పోయేది. ఒక నెల తేడాలో అభికి ఏమైందో ఈ ఇంట్లో చూసింది నేనే.

"పెద్దావిడ మాట ఎందుకు కాదనడం," అన్నాను.

13 సెప్టెంబరు

రెండో శనివారం. తేజస్ పొద్దంతా గాలిపటం పట్టుకుని మేడమీదే ఉన్నాడు. వాడి కాళ్ళ చప్పుడు మా నెత్తిమీద. అభి నిద్రపోలేదు.

28 సెప్టెంబరు

తేజస్ మెట్లమీద పడ్డాడు. మోకాలు చీరుకుపోయింది. పిల్లలు పడరా.

పడినప్పుడు నేను వంటింట్లోనుంచి ఎంత వేగంగా బయటికి వచ్చానో, దేనికోసం వచ్చానో రాయను.

11 అక్టోబరు, శనివారం

తీశారు.

15 అక్టోబరు

వెలిగింది.

వెనకవైపు, కుడిపక్కన, సన్నగా. గోరు గీసినంత. డాక్టరమ్మ మమ్మల్నందరినీ కూర్చోబెట్టి చూపించింది. పల్లవికి కనబడలేదు. "యాడ? యాడ డాక్టరమ్మా?" అని ఫిల్మ్‌మీద వేలు పెట్టి వెతుకుతోంది. నాకు మొదటి చూపుకే కనబడింది.

"చాలా చిన్నది. పిల్లాడికి ఇంకా ఏ లక్షణమూ లేదు. ఈ దశలో మూలుగ మారిస్తే ఆగుతుంది. కానీ ఇంక ఆలస్యం చేయకూడదు, వారాల లెక్క ఇది," అంది డాక్టరమ్మ.

సొన్నప్ప అడిగాడు, "ఆగస్టులో తీసుంటే?"

"అప్పుడు ఉందో లేదో నేను చెప్పలేను. ఉండకపోవచ్చు కూడా."

ఉండకపోవచ్చు. ఆ మాటను నేను ఆటోలో ఇంటిదాకా పట్టుకుని వచ్చాను.

ఇంటికి రాగానే అత్త తన చెంపలు తాను వాయించుకుంది. దేవుడి పటం ముందు కాదు, తేజస్ ముందు. "ఈ చెయ్యి ఇరిగిపోనీ," అంటూ. డెబ్బై ఏళ్ళ మనిషి. మా ఆయన వెళ్ళి చేతులు పట్టుకున్నాడు. నేను చెప్పబోయాను. నోరు తెరిచాను కూడా. పల్లవి నా భుజంమీద తల పెట్టి పడిపోయింది, ఇంక ఎక్కడ చెప్పను.

16 అక్టోబరు

ఒక మాట రాసి కొట్టేశాను. మళ్ళీ రాస్తున్నాను. ఆ గీత చూసినప్పుడు, అందరికంటే ముందు చూసినప్పుడు, హమ్మయ్య అనిపించింది. కన్ను మూసి తెరిచినంతసేపు. ఇప్పుడు పల్లవీ నేనూ ఒకటే అని.

తర్వాత వాడికోసం భయం వేసింది. తర్వాతది కూడా నిజమే.

3 నవంబరు

అందరి రక్తమూ తీసుకున్నారు, ఎవరి మూలుగ తేజస్‌కి సరిపోతుందో చూడటానికి. పల్లవిది, సొన్నప్పది, వాళ్ళ చంటిపిల్లది, మాది, చివరికి రమ్యది. అక్కచెల్లెళ్ళు అన్నదమ్ముల్ని చేసుకున్నారు, అదీ మేనరికం, కాబట్టి ఎవరిదైనా కలవొచ్చని డాక్టరమ్మ ఆశ. మేనరికం చేసుకున్నందుకు మమ్మల్ని తిట్టని డాక్టరును మొదటిసారి చూశాను.

14 నవంబరు

రమ్యది కలిసింది. పూర్తిగా. ఆ లోపం కూడా దానికి రాలేదట.

ఎవరూ నా మొహం చూడటం లేదు. చూస్తే అడిగినట్టవుతుందని భయం. పల్లవి పైనుంచి కిందికి దిగడం మానేసింది. అత్త రమ్యను దగ్గర కూర్చోబెట్టుకుని జడ వేస్తోంది, వేసిందే విప్పి మళ్ళీ వేస్తోంది.

అభికి కూడా కలిసేదా అని ఫోన్‌లో డాక్టరమ్మను అడిగాను. అప్పుడు పరీక్ష చేయలేదు కదా, తెలియదు అంది. చేయలేదు. మావాడి కోసం ఈ పిల్ల రక్తం ఒక్క బొట్టు కూడా ఎవరూ అడగలేదు.

17 నవంబరు

రమ్య మూలుగ తీయడానికి ఒప్పుకునే కాగితంమీద మా ఆయన సంతకం పెట్టేశాడు. కాగితం దేవుడి గూట్లో పెట్టి, "నీది నువ్వు పెట్టు, నేను బలవంతం చెయ్యను. నీ కడుపున పుట్టిన పిల్ల," అన్నాడు. పక్కన పెన్ను పెట్టాడు. బలవంతం చెయ్యడట.

19 నవంబరు

రమ్యకు జలుబు. తగ్గనీ.

22 నవంబరు

జలుబు తగ్గింది. దగ్గు ఉంది.

24 నవంబరు

అభిని సొన్నప్ప ఎత్తుకుని కారులో పడుకోబెట్టాడు, నేను అడిగితే. ఎక్కడికి వదినా అని కూడా అడగలేదు. తిన్నగా డాక్టరమ్మ గదికి పోయాను.

"మావాడికి ఒకసారి స్కానింగ్ తీయండి. అప్పుడు సంతకం పెడతా," అన్నాను.

ఆమె లేచి వచ్చింది. అభి తలమీద చెయ్యి పెట్టింది. "వీడు మత్తు తట్టుకోలేడమ్మా. మీకు తెలుసు."

"తేజస్ అయితే తీస్తారు."

"అవును. తీస్తాను," అంది. అబద్ధం చెప్పలేదు, అది ఆమెలో మంచి గుణమో చెడ్డ గుణమో.

బీరువా తెరిచి అభి మొదటి ఫిల్మ్ తీసింది, పక్కన తేజస్‌ది పెట్టింది. అభి ఫిల్మ్‌లో పెద్ద తెలుపు చుట్టూ సన్నగా వెలిగే అంచును వేలితో చూపించింది. "ఈ అంచు ఎలా మొదలవుతుందో, ఎటు జరుగుతుందో నేను నేర్చుకున్నది అభి నాలుగు ఫిల్మ్‌ల మీద. రోజూ చూసేదాన్ని. అందుకే తేజస్‌లో అంత సన్నది కూడా కనబడింది. లేకపోతే ఏమీ లేదని ఇంటికి పంపేసేదాన్ని."

నన్ను ఓదారుద్దామనే అంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అంటే మావాడు మీకు పలకా?" అన్నాను. "మావాడిమీద రాసుకుని నేర్చుకుని, మార్కులు మా చెల్లెలి కొడుక్కా?"

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను అభి ఫిల్మ్ అడిగాను. ఇచ్చేసింది. సంతకం పెట్టకుండా వచ్చేశాను.

25 నవంబరు

శ్రావణ శనివారం ఆ ప్రసాదం రెండుసార్లు పెట్టాను. కప్పు ఖాళీ చేసి ఇంకా అన్నాడు. ఇంకా పెట్టాను. నెయ్యి పైనుంచి వేసి పెట్టాను. ఆరు గంటలు కడుపు ఖాళీగా ఉండాలని ఈ ఇంట్లో అందరికంటే నాకు బాగా తెలుసు. నాలుగుసార్లు అభిని ఆకలితో ఏడిపించి తీసుకుపోయినదాన్ని. వాడు ఏడుస్తుంటే నేనూ తినేదాన్ని కాదు.

తెలిసే పెట్టాను.

27 నవంబరు

సాయంత్రం వంటింట్లో ఉన్నాను. తేజస్ అభి మంచం పక్కన కూర్చున్నాడు, వీపు నా వైపు. పాలు కాచాను, "తేజా" అన్నాను.

పలకలేదు.

"తేజా" అన్నాను మళ్ళీ. కదల్లేదు. మూడోసారి పిలిచాను, తల కూడా తిప్పలేదు.

పొయ్యి ఆపానో లేదో తెలియదు. ఆ నాలుగు అడుగులు ఎట్లా దాటానో తెలియదు. వాడి రెండు భుజాలూ పట్టుకుని నా వైపు తిప్పుకున్నాను. మా ఆయనకున్న చిన్న రేడియో తీగ చెవిలో పెట్టుకుని క్రికెట్ వింటున్నాడు. ఒక తీగ అభి చెవిలో, ఒక తీగ వాడి చెవిలో.

"ఏమి పెద్దమ్మా? యాల ఏడుస్తా ఉండావు?" అన్నాడు.

గూట్లో కాగితం తీసి సంతకం పెట్టాను. తొందరలో నా పేరు రెండు ముక్కలైంది. పెన్ను మూత పెట్టే ఓపిక కూడా లేదు. వాడు పలకకపోతే నాకు ఏమవుతుందో నాకు తెలియదు ఇన్నాళ్ళూ. తెలిసినంతమాత్రాన లోపల మంట చల్లారిందని కాదు. వాడు పాలు తాగి పరుగెత్తుతూ మెట్లెక్కుతుంటే మళ్ళీ రగిలింది.

28 నవంబరు

సంతకం చూసి పల్లవి నా కాళ్ళమీద పడింది. అత్త పడబోయింది, ఆపాను. "మా అక్క దేవత," అంటోంది పల్లవి ఫోన్‌లో అందరితో.

29 నవంబరు

దేవతను రెండు రోజులు భరించాను. ఇవాళ పల్లవి మేడమీద బట్టలు ఆరేస్తుంటే వెళ్ళి చెప్పేశాను. శ్రావణ శనివారం పెట్టింది అత్త కాదు, నేను. చెంచా కాదు, రెండు కప్పులు. పితృపక్షం మాట కూడా చెప్పాను.

అది చేతిలోని చొక్కా పిండుతూనే ఉంది, నీళ్ళు అయిపోయినా.

"ఇప్పుడు చెప్తా ఉండావా," అంది చివరికి. "సంతకం పెట్టినంక. నీ బిడ్డ మూలుగ నా కొడుక్కి కావాల్సి వచ్చినంక. ఇప్పుడు నిన్ను నేను ఒగ మాట అనేదానికి లేదు గదక్కా. నాలుగు నెలలు మూసుకోని ఉండి, నా నోరు కట్టేసినంక చెప్తా ఉండావు."

అలా ఆలోచించలేదు నేను అనుకున్నాను. కిందికి దిగి కూర్చున్నాక తెలిసింది, అలాగే ఆలోచించాను.

30 నవంబరు

అత్తకు కూడా చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. తన కుడిచేతిని ఎడమచేత్తో చాలాసేపు నిమురుకుంటూ కూర్చుంది.

19 జనవరి 2004, వేలూరు

రమ్య నడుము ఎముకలోనుంచి తీశారు. సంచీ చూపించారు, ఎర్రటి కుంకుమ నీళ్ళలా ఉంది. రమ్య మత్తు దిగగానే ఐస్‌క్రీం అడిగింది. సాయంత్రం అది తేజస్‌కి ఎక్కించారు. వాడు అద్దాల గదిలో, గుండుతో, నోటినిండా పుండ్లతో. పల్లవి ముసుగు వేసుకుని లోపల కూర్చుంది. అద్దం ఇవతల నన్ను చూసింది, తల ఊపింది. డాక్టర్లముందు, నర్సులముందు నాతో ఎంతో మర్యాద.

24 జనవరి

రమ్యా నేనూ ఇంటికి వచ్చాం. అభికి ఇన్ని రోజులూ అత్తే గొట్టంలో పోసింది. బరువు రెండు కిలోలు తగ్గాడు.

ఇల్లు చప్పుడు లేకుండా ఉంది.

16 ఫిబ్రవరి

రమ్య మూలుగ తేజస్ ఒంట్లో పట్టిందట. సొన్నప్ప ఫోన్ చేశాడు. పల్లవి మాట్లాడలేదు, పనిలో ఉందన్నాడు.

4 మే

వాళ్ళు వచ్చారు. తేజస్‌కి పొట్టి వెంట్రుకలు మొలిచాయి, ఉంగరాలుగా. ముందు ఉంగరాలు లేవు. పల్లవి "బాగుండావా అక్కా" అని పైకి వెళ్ళిపోయింది.

8 మే, శనివారం

తేజస్‌కి స్కానింగ్. నన్ను పిలవలేదు.

12 మే

పొద్దున పదకొండుకు పల్లవి కిందికి దిగింది. చేతిలో ఫిల్మ్ కవరు. అభి మంచం పక్కన ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది.

"వెలుగు పోయిందంట. ఏమీ లేదంట. డాక్టరమ్మ రాసి ఇచ్చింది," అంది.

"మంచిది," అన్నాను.

"ఇంగ నిన్ను తిట్టొచ్చు."

లేచి నా చెంపమీద ఒకటి వేసింది. తర్వాత కూర్చుని తిట్టింది. నేను బియ్యం పొయ్యిమీద పెట్టి దించేదాకా తిట్టింది. అద్దాల గదిలో తొంభై దినాలు, ఒక్కొక్క దినమూ చెప్పింది. వాడు నోటి పుండ్లతో నీళ్ళు మింగలేక దాని వేలు కొరికిన దినం. జ్వరం దిగని పదిదినాలు. పక్క గదిలో పిల్లాడు పోయిన దినం. ఆగస్టులో చూసుంటే ఇన్ని ఉండేవో లేవో తెలియకుండానే తాను చచ్చిపోవాలంది. మా అమ్మ కడుపున నువ్వెట్లా పుట్టినావంది. నా పేరు పెట్టి పిలిచింది, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి. అత్త గడపదాకా వచ్చి, విని, వెనక్కి వెళ్ళింది.

నేను ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. ఆరు నెలల తర్వాత నాకు కాస్త ఊపిరి ఆడింది.

అరిచి అరిచి గొంతు పోయాక అడిగింది, "యాల చేసినావు? అది చెప్పు."

"నీ కొడుకు బాగుండాడని," అన్నాను.

"అంతేనా?"

"అంతే."

అది అభిని చూసింది. గొట్టం అంటించిన పట్టీ ఊడి ఉంటే సరిగా అంటించింది. లేచి కవరు తీసుకుంది.

"నేను నిన్ను క్షమించలేదు. సాయంకాలం తేజాను పంపిస్తా, అభికి వాడు కావాల. నీ చేత్తో మాత్రం వానికి ఏమీ పెట్టొద్దు. నీళ్ళు గూడా," అని మెట్లెక్కింది.

ఐదింటికి వచ్చాడు. జేబునిండా వాళ్ళమ్మ పెట్టి పంపిన బిస్కెట్లు. ముందు పళ్ళు రెండు ఊడి కొత్తవి వస్తున్నాయి. అభి మంచం ఎక్కి కూర్చుని ఏదో కథ మొదలుపెట్టాడు, వేలూరులో ఆస్పత్రి కోతులదట. నవ్వుతూ చెబుతున్నాడు. నాకు కడుపు భగ్గుమంది, ఏం దాచుకోను, ఆ నవ్వు చూసి ఇవాళ కూడా భగ్గుమంది.

రమ్యకు ఒక బిస్కెట్ ఇచ్చాడు. తర్వాత నా వైపు చెయ్యి చాపాడు. "నీకు ఒగటి పెద్దమ్మా."

తీసుకున్నాను. వాడి ముందే తిన్నాను.